పెట్టె మనది, తాళం ఎవరిది?

"ఒక్క సీరియల్ కోసం ఇంత తతంగమా?" అన్నారు మా వారు, డాబా మీద నిచ్చెన పట్టుకుని నిలబడి.

నిచ్చెన మీద మెకానిక్ కుర్రాడున్నాడు. వాడి భుజాన వైరు చుట్ట. ఆ వైరు రెండో కొస వచ్చి మా హాల్లో టి.వి. బల్ల మీదున్న నల్లటి పెట్టెకి తగులుకోవాలి. ఆ పెట్టె కొత్తది కాదు. మా పై వాటా వదినగారు కెనడాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ మంచాలూ, గ్రైండరూ, తులసికుండీ తలా ఒకరికి ఇచ్చేసినప్పుడు ఎనిమిది వందలకి నాకు అమ్మి వెళ్ళింది. అందరిళ్ళలో ఉండే మామూలు డిష్ పెట్టె కాదది. లోపల కంప్యూటర్లో ఉన్నట్టే ఒక హార్డ్ డిస్క్ ఉంటుంది. మనం ఊళ్ళో లేకపోయినా, చెప్పిన వేళకి చెప్పిన కార్యక్రమాన్ని పట్టి దాచి ఉంచుతుంది.

ఇది 2022 జూలై నాటి మాట. మా అత్తగారికి మోకాలి ఆపరేషను. మేముండేది కాకినాడ. ఆపరేషనేమో హైదరాబాదులో. ఆ తర్వాత అక్కడే మా ఆడపడుచు ఇంట్లో విశ్రాంతి. అన్నీ కలిపి మూడు వారాలు. ఆవిడకి తోడు నేను.

"మోకాలు సంగతి డాక్టరు చూసుకుంటాడు గాని అమ్మాయ్, మన ఎనిమిదిన్నర సీరియల్ సంగతేం చేద్దాం?" అన్నారు అత్తయ్య.

మా ఆడపడుచు ఇంట్లో టి.వి. లేదా అంటారేమో. నిక్షేపంలా ఉంది. కాని దాని మీద సర్వహక్కులూ వాళ్ళ మామగారివి. ఆయన పొద్దున్న లేచింది మొదలు వార్తలు చూస్తారు. చూసిన వార్తే మళ్ళీ చూస్తారు. కోడలు పుట్టింటివారు వచ్చారు కదా అని రిమోటు మన చేతికిచ్చే మనిషి కాదు.

అంచేత నేను ఆ పెట్టె బిగించడానికి పూనుకున్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. మా వారు నవ్వారు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి నవ్వాడు. ఆఖరికి మెకానిక్ కుర్రాడు కూడా, "సీరియల్ కోసమామ్మా?" అని పళ్ళికిలించాడు. అదే క్రికెట్ మ్యాచ్ కోసం అయితే ఒక్కరైనా నవ్వేవారా? మ్యాచ్ చూడడం కోసం సెలవు పెట్టినవాళ్ళనీ, పెళ్ళి పీటల దాకా వచ్చి ఫోనులో స్కోరు చూసుకున్నవాళ్ళనీ నేనెరుగుదును. వాళ్ళని చూసి ఎవరూ నవ్వరు. మగవాడి కాలక్షేపానికి అభిరుచి అని పేరు. ఆడదాని కాలక్షేపానికి పిచ్చి అని పేరు.

ఆ సీరియల్ గొప్పదని నేననడం లేదు. మూడు నెలలుగా కథానాయిక మెట్ల మీంచి పడుతూనే ఉంది. కాని రోజంతా మందులూ, వంటలూ, పత్యాలూ తప్ప వేరే మాట లేని మా అత్తా కోడళ్ళకి అదొక్కటే అరగంట. "చూశావా దాని కన్ను" అని ఆవిడంటే, "మీ పిన్నత్తగారు గుర్తొస్తున్నారా అత్తయ్యా?" అని నేనంటాను. ఆవిడ కిసుక్కున నవ్వి, పెళ్ళయిన కొత్తలో తను పడ్డ కష్టాలు చెప్పుకొస్తారు. నేను రాసిన నవలల్లో రెండింటికి సగం కథ ఆ అరగంటల్లో దొరికిందే.

సరే, అసలు విషయానికి వస్తాను. అసలు టి.వి. వచ్చిన నాటినుంచీ ఆడవాళ్ళలో ఎంతమంది ఒక కార్యక్రమాన్ని మొదటినుంచి చివరిదాకా కదలకుండా కూర్చుని చూశారు? మీ ఇంట్లోనే ఒక్కసారి ఆలోచించి చూడండి.

నా చిన్నతనంలో, 1987 జనవరిలో, దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. 1988 జూలై దాకా 78 భాగాలు నడిచింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి వీధంతా ఖాళీ. మా వీధిలో అప్పటికి రెండే టి.వి.లు. అందులో ఒకటి మాది. హాల్లో చాపలు పరిస్తే చాలక, వచ్చినవాళ్ళు కిటికీలు పట్టుకుని వేళ్ళాడేవారు. వచ్చినవాళ్ళలో పెద్దలుంటారుగా? వాళ్ళకి కాఫీలివ్వాలి. పిల్లలకి మంచినీళ్ళివ్వాలి. ఆదివారం కదా అని నాన్నగారి స్నేహితులకి పెసరట్లు వెయ్యాలి. ఆ పనులన్నీ మా అమ్మవి. సీతాకల్యాణం అవుతుంటే అమ్మ పెనం మీద ఉంది. దశరథుడు కన్నుమూస్తుంటే అమ్మ కాఫీ వడపోస్తోంది. "ఏమైంది, ఏమైంది?" అంటూ గ్లాసుల పళ్ళెంతో గుమ్మందాకా వచ్చి, రెండు నిమిషాలు నిలబడి చూసి, మళ్ళీ లోపలికి పోయేది. రామాయణం కథ తెలియక కాదు. అందరితోపాటు కూర్చుని చూడాలని ఆవిడకీ ఉంటుంది కదా! ఊరంతటినీ కూర్చోబెట్టిన మా అమ్మకి మాత్రం కూర్చునే యోగం లేకపోయింది.

టి.వి. వేళలు తీరికున్న వాళ్ళ కోసం పెట్టినవి. తీరిక మన చేతిలో లేని వాళ్ళం మనం. పాలు పొంగే వేళ, పిల్లాడు బడినుంచి వచ్చే వేళ, మామగారు మాత్ర వేసుకునే వేళ, ఇవేవీ మనం నిర్ణయించినవి కావు. అందుకే రికార్డు చేసి దాచుకునే పెట్టె మగవాళ్ళకి సరదా అయితే కావచ్చు గాని, మనకి మాత్రం అవసరం. వెళ్ళిపోయిన అరగంటని వెనక్కి పిలిచి, "ఇప్పుడు నాకు తీరికైంది, రా" అనగలిగిన మొట్టమొదటి సాధనం అది.

ఇక ఆ సాధనం నాతో ఆడిన నాటకం వినండి.

మా ఇంట్లో అప్పటికే ఒక కంపెనీ డిష్ ఉంది. ఈ వైరు తీసి ఆ పెట్టెకి తగిలిస్తే సరిపోతుందనుకున్నాను. తగిలించాను. బొమ్మ రాలేదు. "అది వేరే కంపెనీది కదమ్మా, వాళ్ళ ఉపగ్రహం వేరు, డిష్ మొహం అటు తిప్పాలి" అన్నాడు మెకానిక్. మనకి కనబడదు గాని, 36 వేల కిలోమీటర్ల ఎత్తున నిలిచి ఉంటాయట ఈ ఉపగ్రహాలు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క చోటు. డిష్ కాస్త పక్కకి జరిగినా బొమ్మ రాదు. సరే, వదినగారి డిష్ డాబా మీద అలాగే ఉంది కనక దానికే కలపమన్నాను. "అయితే రెండు వైర్లు లాగాలమ్మా" అన్నాడు. ఒక వైరు మనం చూసేదానికి, రెండోది అది రికార్డు చేసేదానికి. ఒక్క వైరే ఉంటే, అత్తయ్య సీరియల్ రికార్డవుతున్నంతసేపూ మా వారు వేరే చానల్ చూడడానికి ఉండదు. గృహశాంతి కోసం రెండు వైర్లూ లాగించాను.

బొమ్మ రావలసింది పోయి, "మీ ఖాతా చెల్లదు" అని వచ్చింది. వదినగారు వెళ్ళే హడావిడిలో రీచార్జి ఆపేసింది. డబ్బు కడదామంటే, ఖాతా ఆవిడ పేరున ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ ఖాతాకున్న ఫోన్ నంబరుకి ఓటీపీ వస్తుంది, అది చెప్పమన్నారు. ఆ నంబరు ఆవిడ దేశం వదిలేటప్పుడే వదిలేసింది. ఇటు నేను, అటు టొరంటోలో నిద్రపోతున్న వదినగారు, మధ్యలో ఎవరికీ చేరని ఓటీపీ. నాలుగు రోజులు ఫోన్లు చేశాక, "మీ పేరుకి మార్చి కొత్త కార్డు పంపిస్తాం, అది పెట్టుకోండి, అంతా మామూలే" అంది ఒక అమ్మాయి. గోరంత కార్డు. దానితోపాటు రికార్డింగ్ సదుపాయానికి నెలనెలా వేరే రుసుం. పెట్టె నేను కొన్నాను, కరెంటు నేను కడుతున్నాను, డిస్కులో చోటు నాది. మళ్ళీ ఈ రుసుం దేనికమ్మా అంటే, "సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్" అంది. పాపం, ఆ పిల్లనని ఏం లాభం?

కొత్త కార్డు వచ్చింది. పెట్టాను. బొమ్మ వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా ఎనిమిదిన్నరకి రికార్డు చెయ్యమని పెట్టెకి చెప్పాను. మన చానళ్ళు వేళకి మొదలుపెట్టవు, వేళకి ముగించవు కనక అటు అయిదు నిమిషాలు, ఇటు అయిదు నిమిషాలు ఎక్కువ పెట్టాను. మా వారికి నూటొక్కసార్లు చెప్పాను, "గోడ స్విచ్చి ఆపకండి, ఆపితే రికార్డవదు" అని. ఆయనకి పడుకోబోయే ముందు ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆపడం అలవాటు.

మూడు వారాలు గడిచాయి. అత్తయ్య కర్ర ఊతంతో ఇంటికి వచ్చారు. వచ్చిన రాత్రే పెట్టె తెరిచాం. పద్దెనిమిది భాగాల్లో పదిహేను ఉన్నాయి. మూడు లేవు. ఆ మూడు రోజులూ మా వారు ఎనిమిదింటికే పడుకున్నారట. అత్తయ్య రోజుకి రెండేసి చొప్పున వారం రోజుల్లో అన్నీ చూసేసి, "పోయిన మూడింట్లోనూ ఏమీ జరగలేదే, ఆ పిల్ల ఇంకా ఆ మెట్ల మీదే ఉంది" అని తేల్చేశారు. ఇంతవరకూ సుఖాంతం. ఇక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

పెట్టె నా చేతికిస్తూ వదినగారు ఒక మాట అంది. "వదినా, అందులో మా అమ్మ ఉంది. నీకు వీలైనప్పుడు తీసి పంపుతావా?"

వాళ్ళమ్మగారు పల్లెటూరి మనిషి. మంగళహారతులు బ్రహ్మాండంగా పాడేవారట. 2016 కార్తీకమాసంలో ఒక తెలుగు చానల్ వాళ్ళు ఆ ఊరి గుళ్ళో కార్యక్రమం తీసినప్పుడు ఆవిడ చేత రెండు హారతులు పాడించారు. వదినగారు దాన్ని ఈ పెట్టెలో రికార్డు చేసి ఉంచుకుంది. 2018లో ఆవిడ పోయారు. అమ్మ గొంతు వినాలనిపించినప్పుడల్లా వదినగారు తలుపు వేసుకుని పెట్టుకునేదట. సామాన్లు సర్దే తొందరలో ఒక రాత్రి తీరిక చేసుకుని ఫోనుతో తీసుకుందామనుకునేసరికి ఖాతా గడువైపోయింది. "నువ్వు రీచార్జి చేసుకుంటే వచ్చేస్తుందిలే" అని నాకు అప్పగించి వెళ్ళింది.

అత్తయ్య సీరియల్ అయిపోయాక నేను జాబితాలో వెతికాను. ఉంది. కార్యక్రమం పేరు, తేదీ, నలభై నిమిషాలు అని ఉంది. నొక్కాను. "ఈ కార్డుతో ఇది చూడడానికి వీల్లేదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

మెకానిక్ కుర్రాణ్ణి పిలిపించాను. ఈసారి వాడు నవ్వలేదు. "రికార్డు చేసినప్పుడే గుర్తు తెలియని లిపిలోకి మార్చి దాస్తుందమ్మా. దాని తాళంచెవి ఆ పాత కార్డు. కొత్త కార్డు వచ్చింది కనక పాతది చెల్లదు" అన్నాడు. మా అబ్బాయి పట్టుదలకొచ్చి, ఆ డిస్కు విప్పి కంప్యూటర్‌కి తగిలించాడు. "దీన్ని నేను చదవలేను, అంతా చెరిపేసి కొత్తగా వాడుకుంటారా?" అని అడిగింది కంప్యూటర్. వాడు చటుక్కున వైరు లాగేశాడు. డిస్కు ఎప్పటిలా పెట్టెలో బిగించాడు.

ఎంత ఘోరమో చూడండి. ఆ పాత కార్డుకే డబ్బు కట్టి ఉంటే ఆ పాట వచ్చేది. నా పేరుకి మార్చుకోబట్టి పోయింది. పరాయి ఇంటి తల్లి గొంతుకి తెలియక నేనే తాళం వేసినట్టయింది. ఆ మాట ముందు చెప్పవలసిన కంపెనీ వాళ్ళు "అంతా మామూలే" అన్నారు. వాళ్ళకది మామూలే.

ఇప్పుడు నా వాదన వినండి.

పాతరోజుల్లో వీడియో క్యాసెట్లుండేవి. మూడు గంటల క్యాసెట్ ఒకటి కొంటే ఆదివారం సినిమా ఎక్కించుకునేవాళ్ళం. పక్కింటివాళ్ళు అడిగితే ఇచ్చేవాళ్ళం. వాళ్ళ వి.సి.ఆర్. ఏ కంపెనీదైనా అందులో ఆడేది. వానాకాలంలో బూజు పట్టేది, రీలు చిక్కుపడేది, ఒప్పుకుంటాను. కాని "ఈ నెల డబ్బు కట్టలేదు కనక మీ అక్క పెళ్ళి చూపించను" అని ఏ క్యాసెట్టూ అనలేదు. యంత్రాలు తెలివి మీరాయని మురిసిపోతున్నాం. వాటి తెలివి ఎవరి పక్షానుందో చూసుకోవద్దూ?

"రికార్డు చేసుకోవడమే తప్పు, చట్టం ఒప్పదు" అనే పెద్దమనుషులున్నారు. మా వారి స్నేహితుడొకాయన అలాగే అన్నారు. నేను పని కట్టుకుని చదివాను. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. సొంతంగా చూసుకోవడానికి ఎవరైనా తమకి తాము రికార్డు చేసుకుంటే, అది ప్రసారం చేసినవారి హక్కుకి భంగం కాదని అందులో ఉంది. ఈ తగాదా అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. యూనివర్సల్, డిస్నీ కంపెనీలు 1976లో సోనీ మీద దావా వేశాయి, వి.సి.ఆర్.లు అమ్మి జనం చేత దొంగతనం చేయిస్తున్నారని. 1984 జనవరిలో అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు తీర్పు చెప్పారు. ఇంట్లో కూర్చుని, తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదన్నది ఆ అయిదుగురి మాట. ఆ కేసులో పిల్లల కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన సాక్ష్యం చెప్పారు. తన కార్యక్రమాన్ని కుటుంబాలు తమకి వీలైన వేళ చూసుకుంటే తనకేమీ అభ్యంతరం లేదని ఆయన చెప్పిన మాటని తీర్పులోనే ఉదహరించారు. పిల్లల తల్లులకి వేళ ఎలా కుదురుతుందో ఎరిగిన మనిషన్నమాట.

చట్టం ఒప్పుకున్నదాన్ని పెట్టె ఒప్పుకోదు. ఇదీ మన అవస్థ. తాళం పగలగొట్టే పనిముట్టు మనలాంటివాళ్ళ దగ్గర ఉండదు. అలాంటివి వెతుక్కుంటూ పోవడం నాకు సమ్మతమూ కాదు. తాళం వేసినవాళ్ళే తాళంచెవి ఇవ్వాలి.

ఇంకో విచిత్రం. ఈ డిష్ కంపెనీలకి లైసెన్సులిచ్చేటప్పుడు, 2001 నాటి నిబంధనల్లోనే, ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీ ప్రసారానికి పనికొచ్చేలా ఉండాలని రాశారు. ఇరవై ఏళ్ళయినా అది జరగలేదని తెలిసే కాబోలు, 2020 ఏప్రిల్లో ట్రాయ్ మళ్ళీ సిఫార్సు చేసింది, అన్ని పెట్టెలూ అన్ని కంపెనీలకీ పనికిరావాలని. కాగితం మీద రెండుసార్లు వచ్చిన ఆ హక్కు మా డాబా మీదికి ఒక్కసారీ రాలేదు. కంపెనీ మార్చితే పెట్టె మార్చాలి. పాత పెట్టె పాతసామాన్లవాడికి వెయ్యాలి. గ్యాస్ కంపెనీ మారిస్తే పొయ్యి మారుస్తున్నామా? కిరాణాకొట్టు మారిస్తే డబ్బాలు పారేస్తున్నామా?

"తాళం లేకపోతే దొంగ సీడీలు వేసి అమ్ముకోరూ?" అంటారు కంపెనీలవాళ్ళు. కార్యక్రమం తీసినవాళ్ళకి కష్టార్జితం ఉంటుంది, కాదనను. నేనూ పుస్తకాలు రాసుకుని బతుకుతున్నదాన్నే. నా నవల దొంగతనంగా అచ్చేస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కాని నా పుస్తకం కొన్నావిడ దాన్ని చెల్లెలికిస్తే నేను పోలీసుల్ని పిలవను. ఆవిడ ఇల్లు మారితే అక్షరాలు మాయమైపోవు. దొంగకి వేసిన తాళం ఇంటి మనిషిని బయట నిలబెడితే అది తాళం వేసినవాడి తప్పే.

తాళం లేకుండా చెయ్యడం సాధ్యం కాదా అంటే, అదీ కాదు. దూరదర్శన్ వారి ఉచిత డిష్ 2004 డిసెంబరు నుంచీ ఉంది. నెల కిరాయి లేదు. బజార్లో దొరికే ఆ పెట్టెల్లో కొన్నింటికి పెన్ డ్రైవ్ తగిలిస్తే రికార్డు చేస్తాయి. మెకానిక్ కుర్రాడి దగ్గర పాతదొకటి ఉంటే తెప్పించి చూశాను. మొదటి రోజు సాయంత్రం ఆరింటి కార్యక్రమం పెడితే, రాత్రి పదకొండున్నరకి వచ్చేదేదో రికార్డు చేసి ఇచ్చింది. తల పట్టుకున్నాను. తీరా చూస్తే దాని గడియారం ఇంగ్లండు వేళ చూపిస్తోంది. అయిదున్నర గంటలు కలిపి దిద్దాక బుద్ధిగా పనిచేసింది. ఆ రికార్డు కంప్యూటర్లోనూ తెరుచుకుంది. దానికి కార్డు అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. మా అత్తయ్య సీరియల్ అందులో రాదనుకోండి, అది డబ్బు చానల్. కాని చెయ్యదలుచుకుంటే చెయ్యవచ్చని మాత్రం రుజువైంది.

ఇక మా అబ్బాయి వాదన ఉండనే ఉంది. "ఇదంతా పాత గొడవమ్మా, ఇప్పుడన్నీ ఫోన్లో యాప్‌లో వస్తున్నాయి కదా" అంటాడు. వస్తున్నాయి. నేనూ చూస్తున్నాను. కాని శుక్లాలొచ్చిన డెబ్బై మూడేళ్ళ మనిషి అరచేతి ఫోన్లో ఎంతసేపు చూస్తుంది? పైగా యాప్‌లో ఉన్నది మాత్రం మనదా? ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఉండదు. ఎందుకు తీసేశారని అడిగే దిక్కు లేదు. ఒక పల్లెటూరి గుళ్ళో పాడిన ముసలావిడ హారతి ఏ యాప్‌లో పెడతారు నాయనా? సీరియల్ ఇంకోచోట దొరుకుతుంది. ఆవిడ దొరకదు. ఇల్లాళ్ళు రికార్డు చేసుకునేవాటిలో ఇలాంటివి ఎన్ని ఉంటాయో ఈ పెట్టెలు చేసేవాళ్ళకి తెలుసా? పిల్ల పాడిన పాటల పోటీ, మేనల్లుడు కనబడిన వార్త, పుట్టింటి ఊరి జాతర. ఇవన్నీ సరదాలని కొట్టిపారెయ్యడం తేలిక.

అందుకని నేను అడిగేవి మూడే. కొన్న పెట్టె ఏ కంపెనీకైనా పనికిరావాలి. ఒకసారి న్యాయంగా డబ్బు కట్టి రికార్డు చేసుకున్నది, తర్వాత డబ్బు కట్టినా కట్టకపోయినా తెరుచుకోవాలి. కార్డు మార్చేముందు "మీ పాత రికార్డులు పోతాయి" అని నోరు తెరిచి చెప్పాలి. ఈ మూడోదానికి చట్టం కూడా అక్కర్లేదు, కాస్త మర్యాద చాలు.

అవి వచ్చేలోగా, చెల్లెళ్ళూ, నాలాగా మీరు మోసపోకుండా నాలుగు మాటలు చెబుతాను. పాత పెట్టె ఎవరి దగ్గరైనా కొంటే, అది ఏ కంపెనీదో, మీ డిష్‌కి సరిపోతుందో ముందు అడగండి. ఖాతా ఎవరి పేరున ఉందో, వాళ్ళు ఊరు వదలకముందే మార్పించుకోండి. మార్పించేముందు పాతవాళ్ళ రికార్డుల్లో ముఖ్యమైనవేమైనా ఉన్నాయేమో వాళ్ళనే చూసుకోమనండి. మీ పెట్టెలో అమ్మదో, నాన్నదో గొంతు ఉంటే, ఈ రాత్రే టి.వి. ఎదురుగా ఫోను నిలబెట్టి వీడియో తీసి పెట్టుకోండి. బొమ్మ కాస్త మసకగా వస్తుంది. వస్తే రానివ్వండి. ఊరెళ్ళేటప్పుడు ఇంట్లో ఉండే మగవారికి గోడ స్విచ్చి సంగతి చెప్పడం సరిపోదు. స్విచ్చి మీద కాగితం అంటించండి.

వదినగారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అవతల చాలాసేపు మాట లేదు. కోప్పడుతుందేమోననుకున్నాను.

"జాబితాలో పేరు కనబడుతోందా వదినా?" అంది చివరికి.

"కనబడుతోంది."

"అయితే దాన్ని చెరపకు. ఉండనీ" అంది.

చెరపలేదు. డిస్కు నిండి వచ్చినప్పుడల్లా అత్తయ్య సీరియల్స్ చెరుపుతున్నాను గాని, ఆ ఒక్క వరసా అలాగే ఉంది. ఎప్పుడైనా ఆ చట్టమో, ఆ మర్యాదో వస్తే తెరుచుకుంటుందని నా ఆశ. అదేం పిచ్చి అని మా వారు ఇప్పుడు అనడం లేదు. పైగా పడుకునేముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ ఆపుతూ, ఆ ఒక్క స్విచ్చి దగ్గరికొచ్చి, నేను అంటించిన కాగితం చదువుకుని, చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు.